పైలట్ కాకపోయినా మిషన్ ఏవియేషన్‌కి వాలంటీర్‌గా: ఏ పని తెలిసినవాళ్లు ఎక్కడ పనికొస్తారు?

#1 షాలోం_వెల్డర్

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. రోడ్డు లేని చోట్లకి మిషనరీలనీ, మందులనీ, బైబిలు అనువాదకులనీ చిన్న విమానాల్లో చేరవేసే మిషన్ ఏవియేషన్ గురించి అడుగుతున్నాను. మా సంఘంలో వెల్డింగ్, రేకుపని, కరెంటు పని, కుట్టుపని, అకౌంట్స్, ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లున్నాం. విమానం నడపడం ఎవరికీ రాదు. చేతనైన పనితో సాయపడాలంటే ఎక్కడ నిజంగా అవసరం ఉంది? లైసెన్సు లేనివాళ్లని విమానం ముట్టుకోనిస్తారా? పది రోజులకో నెలకో వచ్చి వెళ్లేవాళ్ల వల్ల వాళ్లకి మేలా, భారమా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

#2 రివెట్_అన్న

వందనాలు బ్రదర్. ఈ పరిచర్య మొదటి నుంచీ పానా పట్టుకున్నవాళ్ల మీదే నడిచింది. 1946లో మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ (ఎంఏఎఫ్) తొలి విమానాన్ని మెక్సికోకి నడిపింది బెట్టీ గ్రీన్. ఆ వాకో విమానం దెబ్బతింటే బాగుచేయడానికి వెళ్లినవాడు నేట్ సెయింట్. ఆయన పేరు చెప్పగానే అందరికీ 1956లో ఈక్వడార్‌లో హతసాక్షి అయిన సంగతే గుర్తొస్తుంది గానీ, ఆయన ముందు మెకానిక్.

లైసెన్సు సంగతి. అమెరికా రిజిస్ట్రేషన్ ఉన్న విమానమైతే ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నియమాల్లోని పార్ట్ 43 వర్తిస్తుంది. లైసెన్సున్న మెకానిక్ పర్యవేక్షణలో, ఆయనకి అధికారం ఉన్న రిపేరు పని లైసెన్సు లేని మనిషి చేయవచ్చు. పని సరిగ్గా జరుగుతోందని తేల్చుకునేంతగా ఆయన స్వయంగా చూడాలి, అడిగితే పలికేంత దగ్గర్లో ఉండాలి. తనిఖీలు మాత్రం ఈ వెసులుబాటులోకి రావు. వంద గంటల ఇన్‌స్పెక్షన్, వార్షిక ఇన్‌స్పెక్షన్ లైసెన్సున్నవాళ్లే చేయాలి. వేరే దేశం రిజిస్ట్రేషన్ అయితే ఆ దేశం నియమం చూసుకోవాలి. ఎక్కడైనా లాగ్‌బుక్‌లో సంతకం పెట్టినవాడిదే బాధ్యత.

కాబట్టి అడగవలసింది "నన్ను ముట్టుకోనిస్తారా" అని కాదు, "నా పని చూసి సంతకం పెట్టడానికి అక్కడ మనిషికి తీరిక ఉందా" అని. ఒక్క ఇంజనీరు ఉన్న హ్యాంగర్‌కి (విమానాల షెడ్డుకి) ఆరుగురు వాలంటీర్లు వెళ్తే ఆయన పని ఆగిపోతుంది. ఒక మెకానిక్‌కి ఇద్దరు సహాయకులు, అంతకు మించి వద్దు.

రేకుపని వచ్చినవాళ్లకి గిరాకీ బాగా ఉంది. గులకరాళ్ల స్ట్రిప్పుల (చిన్న రన్‌వేల) మీద దిగే విమానాలకి పొట్ట కింద రేకు, తోక భాగం ముందంచు, చక్రాల దగ్గరి ప్యానెళ్లు సొట్టలు పడుతూనే ఉంటాయి. కాకపోతే బయటి రేకుపని అలవాట్లు కొన్ని వదిలేయాలి:

– గీతలు ఇనప సూదితో గీయకూడదు. 2024-టీ3 ఆల్‌క్లాడ్ (పైన శుద్ధ అల్యూమినియం పొర ఉన్న విమానం రేకు) మీద పైపొర చీలి, అక్కడే పగులు పుడుతుంది. పెన్సిలూ వద్దు, గ్రాఫైట్ తగిలినచోట అల్యూమినియం తినేస్తుంది. సన్నమొన మార్కర్ వాడండి.
– స్టీల్ ఊల్, స్టీల్ బ్రష్ అల్యూమినియం మీద పెట్టొద్దు. ఇరుక్కున్న ఇనుపరజను తుప్పుకి విత్తనం.
– 1/8 అంగుళం రివెట్‌కి 30 నంబరు డ్రిల్లు, 3/32కి 40 నంబరు. క్లీకోల్లో (రివెట్ కొట్టేదాకా రేకుల్ని కలిపి పట్టే తాత్కాలిక పిన్నుల్లో) రాగిరంగుది 1/8కి, వెండిరంగుది 3/32కి.
– రివెట్ పొడవు = రేకుల మొత్తం మందం + వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. కొట్టాక ఏర్పడే తల వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు వ్యాసంలో సగం ఉండాలి.
– రేకు అంచు నుంచి రంధ్రం మధ్యకి కనీసం రెండు వ్యాసాల దూరం, రెండు రివెట్ల మధ్య కనీసం మూడు.

ఎక్కువగా చెడేది పాత రివెట్ తీసేటప్పుడే. తలని పూర్తి లోతు డ్రిల్ చేసేసి రంధ్రం పెద్దది చేసేస్తారు. తల మందం వరకే డ్రిల్ చేసి, పంచ్‌తో తల విరిచి, వెనక బకింగ్ బార్ (బరువైన ఇనప దిమ్మ) ఆనించి కాడని తట్టి తీయాలి. రంధ్రం సాగితే పెద్ద సైజు రివెట్‌కి పోవాలి, అప్పుడు అంచు దూరం చాలదు, రేకు ముక్క మొత్తం మార్చాలి. పది నిమిషాల పని రెండు రోజులవుతుంది.

#3 షాలోం_వెల్డర్

అన్నా, వెల్డింగ్ సంగతి? విమానం ఇంజిన్ మౌంట్ స్టీల్ పైపే కదా. టిగ్ వెల్డింగ్ చేయడం బాగా వచ్చినవాళ్లని దాని మీద పెట్టుకుంటారా?

#4 టిగ్_టార్చ్

పెట్టుకోరు, పెట్టుకోకూడదు కూడా. మౌంట్ 4130 క్రోమోలీ పైపు. దాన్ని వెల్డ్ చేయడం మేజర్ రిపేరు కింద లెక్క. ఆమోదించిన డేటా, తనిఖీ, కాగితాలు అన్నీ కావాలి, సాధారణంగా ఆ పనికే ఉన్న షాపుకి పంపుతారు.

అయినా వెల్డర్ ఖాళీగా కూర్చోడు. హ్యాంగర్‌లో నేల మీద నిలబడే సామానంతా మన రాజ్యమే: పనిచేసే నిచ్చెన మెట్లు, తోక స్టాండ్, ప్రొపెల్లర్ పెట్టే స్టాండ్, చక్రాల బండి, టో బార్ (విమానాన్ని లాగే కడ్డీ), ఇంధనం డ్రమ్ముల ర్యాక్, హ్యాంగర్ తలుపు రైలు, గాలి దిశ చూపే గాలిగొట్టం స్తంభం.

గీత ఇక్కడ గీసుకోండి: విమానానికి తగిలించి గాలిలోకి ఎగిరేది ఏదైనా ఆమోదం లేకుండా చేయొద్దు. స్ట్రెచర్ బిగించే క్లాంపు, సామాను కట్టే కొక్కెం, సీటు రైలు అడ్డు, "చిన్న బ్రాకెట్టే కదా" అనిపించేదైనా సరే. నేల మీదే ఉండిపోయేదానికి ఆ బాధ లేదు గానీ లోడ్ టెస్టు ఉండాలి. సెస్నా 206 ఇంజిన్ సుమారు 200 కిలోలు. ఇంజిన్ ఎత్తే హాయిస్ట్ తయారుచేస్తే, రాసిన సామర్థ్యానికి పావు వంతు ఎక్కువ బరువు వేలాడదీసి, కాసేపు ఉంచి, వెల్డులు చూసి, తేదీతో సామర్థ్యం పెయింటు చేయాలి. రెక్కల కింద పెట్టే జాకులు మాత్రం కొన్నవే మేలు. జాకు జారితే పోయేది విమానం.

ఇంకోటి, విమానం పక్కన నిలబడి ఆర్క్ కొట్టొద్దు. ట్యాంకుల్లో ఇంధనం ఒక ప్రమాదం. ఎర్త్ క్లాంపు విమానానికి గానీ దాన్ని ఆనుకున్న స్టాండుకి గానీ తగిలితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని కాల్చేస్తుంది, రేడియోలకీ ముప్పే. వెల్డింగ్‌కి బయట వేరే చోటు పెట్టుకోండి. గాల్వనైజ్డ్ పైపైతే జింకు గీకేసి, గాలి తగిలే చోట చేయండి.

#5 స్టోర్స్_మార్త

డ్రమ్ముల ర్యాక్ అన్నారు కాబట్టి ఆ వివరం నేను చెప్తాను, ఎందుకంటే అది సరిగ్గా కట్టినవాళ్లు తక్కువ.

మారుమూల స్ట్రిప్పుల్లో ఇంధనం 200 లీటర్ల డ్రమ్ముల్లోనే ఉంటుంది. నిండు డ్రమ్ము జెట్ ఏ-1 అయితే 160 కిలోల ఇంధనం, డ్రమ్ము బరువు అదనం. నిలబెట్టి ఉంచితే వాన నీరు పై మూత గుంటలో నిలుస్తుంది. పగలు వేడికి డ్రమ్ము ఉబ్బి రాత్రి చల్లబడుతుంది, చల్లబడేటప్పుడు బిరడా పక్కనుంచి ఆ నీటిని లోపలికి పీలుస్తుంది. అందుకే పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెల దగ్గర ఉండేట్టు తిప్పి పెట్టాలి. అప్పుడు బిరడాలు లోపలి వైపు ఇంధనంలో మునిగి ఉంటాయి, తేమ గాలి దూరదు. ర్యాక్ నేలకి ఒక చెయ్యి ఎత్తు, పైన నీడ, డ్రమ్ముల మీద రాసిన బ్యాచ్ తేదీ కనపడాలి, పాతది ముందు వాడేలా వరుస ఉండాలి. అడుగున కారితే పట్టే తొట్టి మరిచిపోవద్దు.

వాడే ముందు డ్రమ్ముని నిలబెట్టి మడ్డి దిగేదాకా ఆగాలి. పంపు గొట్టం అడుగుని తాకకుండా కొన్ని సెంటీమీటర్లు పైన ఉండాలి. డ్రమ్ము, పంపు, విమానం మూడింటినీ బాండింగ్ తీగతో (స్థిర విద్యుత్ నిప్పురవ్వ రాకుండా కలిపే తీగతో) కలిపాకే మూత తీయాలి. వెల్డర్లూ, ర్యాక్‌కి తీగ తగిలించే చోట పెయింటు వేయకండి! రంగు చూడటమూ ముఖ్యమే: ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ నీలం, జెట్ ఏ-1 నీళ్లలాగానో లేత గడ్డిరంగులోనో ఉంటుంది. పిస్టన్ ఇంజిన్‌లో జెట్ ఇంధనం పడితే టేకాఫ్‌లోనే ఇంజిన్ పోతుంది.

#6 సూది_దారం_సుసన్న

కుట్టుపని గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి. గాలిగొట్టం, అంటే విండ్‌సాక్, ఎండకి వానకి ఏడాది తిరిగేసరికి పీలికలవుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పొడవు 3.6 మీటర్లకి తగ్గకూడదు, పెద్ద మూతి వ్యాసం 0.9 మీటర్లకి తగ్గకూడదు. రెండు రంగులు వాడితే అయిదు పట్టీలు, మొదటిదీ చివరిదీ ముదురు రంగు. నారింజ–తెలుపు జంట దూరానికి బాగా కనిపిస్తుంది. మూతి చుట్టుకొలత 2.83 మీటర్లు, కుట్టు మడతకి మూడేసి సెంటీమీటర్లు కలుపుకోండి.

మామూలు నైలాన్ వద్దు, ఎండ తట్టుకునే నైలాన్ గానీ పాలిస్టర్ గానీ తీసుకోండి. దారం కూడా ఎండకి ఆగే పాలిస్టరే, నూలు దారం ముందు కుళ్లుతుంది. చిరిగేది ఎప్పుడూ మూతి దగ్గరే, అక్కడ గుడ్డ రెండు పొరలు వేసి, తాడు దూర్చే కళ్లు (ఐలెట్లు) ఇత్తడివి కొట్టండి. రింగు బేరింగు మీద తేలిగ్గా తిరగాలి, అది వెల్డర్ల పని.

సీటు కవర్లు కుట్టమంటే గుడ్డ కొనకముందే ఆగండి. విమానంలో వాడే గుడ్డకీ, ఫోముకీ మంట పరీక్ష సర్టిఫికెట్ ఉండాలి, అది లాగ్‌లోకి వెళ్తుంది. సర్టిఫికెట్ లేని గుడ్డ ఎంత బాగున్నా పనికిరాదు. ఇంజిన్ కవర్లు, పిటో (వేగం కొలిచే గాలి గొట్టం) కవర్లు, సామాను వలల సంచులు, బురద పట్టని ఫ్లోర్ కవర్లు ఎప్పుడూ కావాల్సినవే. పిటో కవర్‌కి పొడవాటి ఎర్ర పట్టీ కుట్టండి. తీయడం మరిచిపోతే స్పీడు మీటరు పనిచేయదు.

#7 కిలోహెర్ట్జ్

కరెంటు పని వాళ్లకి. బేస్ స్టేషన్లో పోయేవి మూడే: బ్యాటరీ, కేబులు, ఎర్తింగ్. రేడియో సెట్టుని అందరూ అనుమానిస్తారు గానీ తప్పు దానిది కావడం అరుదు.

ఉదాహరణ. 100 వాట్ల హెచ్ఎఫ్ (దూరాలకి మాట్లాడే షార్ట్‌వేవ్ రేడియో) సెట్టు మాట్లాడేటప్పుడు 12 వోల్టుల దగ్గర దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ గది 10 మీటర్ల దూరంలో ఉందనుకోండి, పోనూ రానూ 20 మీటర్ల రాగి. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 1.75 వోల్టులు. బ్యాటరీ దగ్గర 12.2 ఉంటే సెట్టుకి అందేది 10.5. మీట నొక్కగానే సెట్టు ఆరిపోతుంది, వదిలితే వెలుగుతుంది, మనం సెట్టు పాడైందని పంపించేస్తాం. 10 చదరపు మిల్లీమీటర్లకి నష్టం 0.7, 16కి 0.44. అన్నిటికంటే చవక, బ్యాటరీని సెట్టు పక్కకి జరపడం.

యాంటెన్నా: సగం తరంగం డైపోల్ (రెండు చేతుల తీగ యాంటెన్నా) మొత్తం పొడవు మీటర్లలో = 142.5 ÷ మెగాహెర్ట్జ్. 5 మెగాహెర్ట్జ్‌కి 28.5 మీటర్లు, ఒక్కో చెయ్యి 14.25. కొండల మధ్య కొన్ని వందల కిలోమీటర్ల లోపు మాట్లాడుకోవాలంటే యాంటెన్నా ఆకాశమంత ఎత్తు అక్కర్లేదు. కాస్త కిందికి కట్టిన డైపోల్ సంకేతాన్ని నిటారుగా పైకి పంపుతుంది, అది తిరిగి చుట్టుపక్కల లోయలన్నిటిలో పడుతుంది.

బేస్‌లో కూర్చుని విమానం ఎక్కడుందో రాసుకునే ఫ్లైట్ ఫాలోయింగ్ కూడా వాలంటీర్లు నేర్చుకోదగ్గ పనే. స్పష్టమైన గొంతు, చక్కటి చేతిరాత, కునుకు తీయని మనసు కావాలి. రావలసిన సమాచారం 30 నిమిషాలు దాటినా రాకపోతే అనిశ్చిత దశ (విమానం క్షేమమో కాదో తెలియని స్థితి) మొదలైనట్టే, అది అంతర్జాతీయ నియమం. "ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం" అనుకునేవాళ్లు ఆ కుర్చీలో కూర్చోకూడదు. విమానంలోని ఈఎల్‌టీ (కూలితే ఆపద సంకేతం పంపే పరికరం) 406 మెగాహెర్ట్జ్‌దేనా అన్నది చూసుకోండి. 121.5ని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది.

#8 రన్‌వే_బాట

సివిల్ ఇంజనీర్లకీ సర్వేయర్లకీ ఇక్కడ చాలా పని ఉంది. మట్టి స్ట్రిప్పుకి ప్రథమ శత్రువు నీళ్లు. పొడవు గురించి అందరూ అడుగుతారు, మురుగు కాలువ గురించి ఎవరూ అడగరు.

నడుమ ఎత్తు, రెండు పక్కలకీ 2 నుంచి 3 శాతం వాలు ఉండాలి. 20 మీటర్ల వెడల్పు స్ట్రిప్పయితే మధ్యగీత అంచుకంటే 20–30 సెంటీమీటర్లు ఎత్తు. పక్క కాలువలు స్ట్రిప్పు అంచుకి ఆనించి తవ్వొద్దు, చక్రం జారితే విమానం తలకిందులు. కొండ వైపు నుంచి వచ్చే నీటిని స్ట్రిప్పు దాకా రానివ్వకుండా పైనే అడ్డు కాలువ తవ్వి మళ్లించాలి. ఇది మానేసి పైపైన మట్టి పోస్తే ఒక్క వానాకాలానికి కొట్టుకుపోతుంది.

సర్వేకి వెళ్లినవాళ్లు పైలట్లకి ఇవ్వవలసిన కాగితంలో ఉండేవి: వాడుకోదగ్గ పొడవు, వెడల్పు, రెండు చివర్ల సముద్రమట్టపు ఎత్తు, 50 మీటర్లకోసారి డంపీ లెవెల్‌తో తీసిన మట్టం, చెట్లు, తీగలు, గుట్టలు ఎంత దూరంలో ఎంత ఎత్తు, నేల గట్టిదనం. 500 మీటర్లలో 25 మీటర్లు ఎక్కితే సగటు వాలు 5 శాతం. కానీ సగటు మోసం చేస్తుంది. మొదటి 200 మీటర్లు చదునుగా, చివరి 300 నిటారుగా ఉండొచ్చు. అందుకే ముక్కలుగా ఇవ్వండి. ఫోన్ జీపీఎస్ ఎత్తు నమ్మొద్దు. గట్టిదనానికి డీసీపీ పరికరం (కడ్డీ మీద 8 కిలోల సుత్తి, 575 మిల్లీమీటర్ల నుంచి పడుతుంది), దెబ్బకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాయాలి. మధ్యగీతలో ఒక్కటే కాదు, చక్రాలు నడిచే రెండు గాడుల్లోనూ, విమానం తిరిగే చోటా చేయండి. తిరిగే చోటే నేల ముందు కూరుకుపోతుంది.

స్ట్రిప్పు తెరవాలా వద్దా అన్నది మన మాట కాదు. మనం కొలతలు ఇస్తాం, నిర్ణయం ఆ సంస్థ చీఫ్ పైలట్‌ది. ఊరి పెద్దలకి "వచ్చే నెల విమానం వస్తుంది" అని మాట ఇచ్చి రావద్దు. గడ్డి కోయడం, పశువుల్ని తోలడం, గుంతలు పూడ్చడం ఎవరి పనో ఊరివాళ్లు తేల్చుకున్నాకే తవ్వకం మొదలెట్టాలి. లేకపోతే కష్టపడి చేసిన స్ట్రిప్పు రెండేళ్లలో పొద అయిపోతుంది.

#9 గాలిగుర్రం

@రన్‌వే_బాట చెప్పిన ముక్కల వాలు ఎందుకంటే, ఇలాంటి చాలా స్ట్రిప్పులు ఒకే దారి. ఎగువకి దిగడం, దిగువకి ఎగరడం. దిగేటప్పుడు ఒక చోటు దాటాక మళ్లీ లేచి చుట్టు తిరగడానికి వీల్లేదు, ముందు కొండ ఉంటుంది. దానికి తోడు గాలి పలచన. 5,000 అడుగుల ఎత్తులో 30 డిగ్రీల వేడి ఉంటే ఆ ఎత్తుకి ప్రామాణిక ఉష్ణోగ్రత 5 డిగ్రీలు, తేడా 25. డిగ్రీకి 120 అడుగుల లెక్కన విమానానికి అది 8,000 అడుగుల ఎత్తే. కోడియాక్ 100 అనే చిన్న విమానం సముద్రమట్టంలో నిండు బరువుతో 285 మీటర్లలో నేల వదులుతుందని పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ ఆ అంకె పట్టుకుంటే చెట్లలో ఉంటారు.

ప్రైవేటు లైసెన్సు ఉన్న విశ్వాసులు "రెండు వారాలు వచ్చి నడుపుతాం" అని తరచూ అడుగుతారు. కుదరదు. ప్రతి స్ట్రిప్పుకీ ట్రెయినింగ్ కెప్టెన్‌తో విడిగా చెక్‌ఔట్ (అక్కడ నడపగలడని తేల్చే పరీక్ష) ఉంటుంది, బీమా ఉంటుంది, ఆ దేశపు లైసెన్సు మార్పిడి ఉంటుంది. ఈ పనికే రావాలనుకునే యువకులు కమర్షియల్ లైసెన్సు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత), వీలైతే మెకానిక్ సర్టిఫికెట్ కూడా చూసుకోవాలి. స్పోకేన్‌లోని మూడీ ఏవియేషన్, టెక్సాస్‌లోని లెటర్నో యూనివర్సిటీ ఆ దారిలో నడిపిస్తాయి. పైలట్ లైసెన్సుతో తాత్కాలికంగా రాగలిగినవాళ్లకి నేల మీద పని ఉంది: బరువు–తూకం లెక్కలు, బుకింగ్ డెస్క్, సిమ్యులేటర్ ట్రెయినింగ్.

#10 రివెట్_అన్న

మెకానిక్ సర్టిఫికెట్ మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఎఫ్ఏఏ సర్టిఫికెట్‌కి స్కూలు ఒక దారి, అనుభవం ఇంకో దారి. ఎయిర్‌ఫ్రేమ్ (విమానం శరీరం) గానీ పవర్‌ప్లాంట్ (ఇంజిన్) గానీ ఒకటైతే 18 నెలలు, రెండూ కలిపి 30 నెలల పని అనుభవం రుజువు చేసి పరీక్షలకి కూర్చోవచ్చు. ఒహాయోలోని కొషాక్టన్‌లో ఎంఎంఎస్ ఏవియేషన్ అనే మిషన్ సంస్థ ఆ రెండో దారిలోనే అప్రెంటిస్‌లని తయారుచేస్తుంది, మిషన్ విమానాలు బాగుచేస్తూనే నేర్పిస్తుంది. అనుభవం కింద లెక్క రావాలంటే రోజువారీ చేసిన పని, గంటలు, పర్యవేక్షించినవారి సంతకం మొదటి రోజు నుంచీ రాసుకోండి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాసినది నిలవదు.

#11 కోడ్_తిమోతి

ప్రోగ్రామర్లకి మనవి: దయచేసి కొత్త బుకింగ్ యాప్ రాయకండి. వాలంటీర్ రాసి వెళ్లిపోయాక ఎవరూ ముట్టుకోలేని సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చాలా ఉంది. ఉన్నదాన్ని సరిచేయండి, బ్యాకప్ తిరిగి తెరుచుకుంటుందో లేదో పరీక్షించండి, ఎలా నడపాలో రాసిపెట్టండి. నెట్ గంటలకొద్దీ ఉండదు కాబట్టి ఫారం ముందు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో భద్రమై, తర్వాత సింక్ కావాలి. ఒకే సీటు రెండు బేసుల్లో అమ్ముడైతే ఎవరిది నిలుస్తుందో ముందే తేల్చాలి.

యూనిట్లలో ప్రాణం ఉంది. 1983లో ఎయిర్ కెనడా బోయింగ్ 767 గాలిలోనే ఇంధనం అయిపోయి గిమ్లీలో దిగింది. లీటరుకి 0.8 కిలోలు వాడాల్సిన చోట 1.77 వాడారు, అది పౌండ్ల అంకె. మిషన్ విమానాల్లోనూ అదే గందరగోళం: మాన్యువల్ పౌండ్లలో, తూకం యంత్రం కిలోల్లో, డ్రమ్ము లీటర్లలో, గేజి గ్యాలన్లలో. ప్రతి పెట్టెలో అంకె పక్కనే యూనిట్ చూపించండి, యూనిట్ లేని అంకెని తీసుకోనివ్వకండి. ఏవ్‌గ్యాస్‌కి లీటరు 0.72, జెట్ ఏ-1కి సుమారు 0.8 అని విడివిడిగా ఉంచండి. బరువు–తూకం లెక్క మీద మార్పు ఏది చేసినా చీఫ్ పైలట్ చేత్తో వేసిన లెక్కతో సరిచూశాకే వాడకంలోకి వెళ్లాలి.

#12 లెక్కల_లూదియ

అకౌంట్స్ వాళ్లకి రెండే మాటలు. ఒకటి, ఫలానా పనికని ఇచ్చిన కానుక ఆ పనికే వాడాలి, విడి ఖాతా, విడి రిపోర్టు. రెండు, ఇంజిన్ నిధి. పీటీ6ఏ-114ఏ టర్బైన్ ఇంజిన్‌కి ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) 3,600 గంటలకి, మధ్యలో 1,800కి హాట్ సెక్షన్ (మంట తగిలే భాగం) ఇన్‌స్పెక్షన్. ఈ రెండిటి అంచనా ఖర్చుని గంటలతో భాగించి, ఎగిరిన ప్రతి గంటకీ ఆ మొత్తం పక్కన పెట్టాలి. ప్రొపెల్లర్‌కీ అంతే. టికెట్ రేటు తగ్గించడానికి ఈ నిధిని వాడేస్తే, 3,600 వచ్చేసరికి విమానం హ్యాంగర్‌లో కూర్చుంటుంది. ఇంటి నుంచే చేయగలిగే పని కాబట్టి ప్రయాణం కుదరనివాళ్లు ముందు దీన్ని అడగండి.

#13 స్టోర్స్_మార్త

పనిముట్లూ పార్టులూ కానుకగా ఇద్దామనుకునేవాళ్లు ఇది చదవండి. విమానం పార్టుకి విడుదల పత్రం ఉండాలి, ఎఫ్ఏఏ 8130-3 గానీ ఈఏఎస్ఏ (యూరప్ విమానయాన భద్రత సంస్థ) ఫారం 1 గానీ. కాగితం పోయిన కొత్త బేరింగు స్టోర్స్‌కి చెత్త కిందే లెక్క. రబ్బరు గొట్టాలు, ఓ రింగులు, సీలెంట్లకి గడువు తేదీ ఉంటుంది, గడువు దాటినవి పంపి పుణ్యం అనుకోకండి, వాటిని పారేసే ఖర్చు కూడా వాళ్లదే. టార్క్ రెంచ్ ఇస్తే క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్‌తో ఇవ్వండి. కింద పడిన స్పార్క్ ప్లగ్ పంపొద్దు, లోపల పింగాణీ పగిలి ఉంటే పైకి కనిపించదు.

స్టోర్స్ సర్దడం వచ్చినవాళ్లు బంగారం. ఏఎన్3 బోల్టు 3/16 అంగుళం, ఏఎన్4 పావు అంగుళం. ఈ రెండూ ఒకే డబ్బాలో కలిపేసిన స్టోర్స్‌లో మెకానిక్ సగం రోజు వెతుకుతూ గడుపుతాడు. మెట్రిక్ బోల్టులు అదే గదిలో అసలు ఉంచొద్దు.

#14 షాలోం_వెల్డర్

అందరికీ కృతజ్ఞతలు. దరఖాస్తు ఎలా, ఎంత ముందు? ఇంకో చిన్న సందేహం: మా కార్డ్‌లెస్ డ్రిల్లులు మేమే తెచ్చుకోవచ్చా?

#15 రివెట్_అన్న

దరఖాస్తు ముందు "ఫలానా పనికి నలుగురం, ఫలానా వారాలు" అని కచ్చితంగా రాయండి. "ఏ పనికైనా సిద్ధం" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ప్రతి ఒక్కరికీ చేసిన పనుల ఫొటోలు, సర్టిఫికెట్లు జతచేయండి. చాలా సంస్థలు విశ్వాస ప్రకటన మీద సంతకం, పాస్టర్ గారి సిఫారసు, పోలీసు ధ్రువీకరణ, పిల్లల భద్రత శిక్షణ అడుగుతాయి. ప్రయాణం, బస ఖర్చు మీదే అనుకోండి. వైద్య తరలింపు బీమా తప్పనిసరిగా తీసుకోండి. టూరిస్టు వీసా మీద పని చేయడం చాలా దేశాల్లో నేరం, వాలంటీరు పని అయినా సరే. ఆతిథ్యమిచ్చే సంస్థ చెప్పిన వీసాయే తీసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. ఆరు నెలల ముందు మొదలెట్టడం మంచిది. దూరం కుదరకపోతే నార్త్ కరోలినాలోని వాక్స్‌హాలో జార్స్ (బైబిలు అనువాదకులకి విమాన సాయం చేసే సంస్థ), ఐడహోలోని నాంపాలో ఎంఏఎఫ్ లాంటి ప్రధాన కేంద్రాల్లోనూ నేల పనులు ఉంటాయి, అక్కడ పర్యవేక్షణకి మనుషులు ఎక్కువ.

ఫొటోలు అడగకుండా పోస్ట్ చేయొద్దు. కొన్ని దేశాల్లో మిషనరీ ముఖం, ఊరి పేరు బయటపడితే వాళ్లకి ప్రమాదం.

#16 కిలోహెర్ట్జ్

డ్రిల్లు చెక్-ఇన్ సామానులో, విడి బ్యాటరీలు చేతి సంచిలో, కొనలకి టేపు వేసి. ఒక్కోటి 100 వాట్ అవర్ దాటకూడదు. 100 నుంచి 160 మధ్యవి ఎయిర్‌లైన్ అనుమతితో రెండే. 18 వోల్టులు × 5 ఆంపియర్ అవర్ = 90, సమస్య లేదు. 18 × 9 = 162, అది ఇంట్లో వదిలేయండి. సీలెంటు, పెయింటు, థిన్నర్ ఏ సంచిలోనూ పెట్టొద్దు. ఛార్జర్ అక్కడి వోల్టేజీకి సరిపోతుందో లేదో వెనకున్న లేబుల్ మీద చూసుకోండి, 100–240 అని ఉంటే ప్లగ్ అడాప్టర్ చాలు.